గొడుగు మొక్క కాడలు నీళ్లలో కుళ్లిపోతున్నాయి, వేళ్లు రావట్లేదు

మిద్దెతోట_వరంగల్:
నర్సరీలో అంబ్రెల్లా పామ్ అని ఇచ్చారు. అడుగు పొడవు కాడలు నాలుగు కోసి, మనీప్లాంట్‌లాగా సీసాలో నిలబెట్టాను. పది రోజులకే కింది కొస మెత్తబడి వాసన కొడుతోంది. తల్లి మొక్క ఆకుల కొసలూ ఎండుతున్నాయి. పోసేది బోరు నీళ్లు. ఎక్కడ తప్పుతోందండీ?

తుంగగడ్డ:
పేరుకే పామ్ అండీ, ఇది సైపరస్. పొలాల్లో కలుపుగా వచ్చే తుంగకు దగ్గరి చుట్టం. మనీప్లాంట్‌కు కణుపు కణుపుకూ వేరొస్తుంది. దీని కాడకు మొదలు నుంచి గొడుగు (కాడ పైన విచ్చుకున్న ఆకుల గుత్తి) దాకా కణుపే ఉండదు, లోపలంతా బెండు. ఆ కొసను ఎన్నాళ్లు నానబెట్టినా కుళ్లడమే. వేళ్లూ పిలకలూ వచ్చేది గొడుగు మధ్యలో, ఆకుల మొదళ్ల దగ్గర.

అందుకే తలకిందులు చెయ్యాలి. పూర్తిగా విచ్చుకున్న పచ్చటి గొడుగును రెండంగుళాల కాడతో కోయండి. పూత ఉంటే గిల్లేసి, ఆకులను సగానికి కత్తిరించండి. మూడు నాలుగంగుళాల నీళ్లలో గొడుగు కిందికి, కాడ పైకి ఉండేలా వదలండి. నేరుగా ఎండ తగలని వెలుతురు చాలు. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. పిలకలు రెండంగుళాలు అయ్యాక కుండీలోకి మార్చండి.

చెరువుమన్ను:
తడి ఇసుకలోనూ వస్తుంది. కాడను గుచ్చి, గొడుగు ఇసుకకు ఆనేలా నొక్కాలి, ఇసుక ఆరకూడదు.

తొందరుంటే దుబ్బు విడదీయడమే నయం. వానాకాలం మొదట్లో కత్తితో కోసి, ఒక్కో ముక్కకు మూడు నాలుగు కాడలు, ఒక కొత్త మొలక ఉండేలా చూసుకోండి. రెండు పాళ్లు తోటమన్ను, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు. నీళ్లలో నిలబెట్టే కుండీకి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వద్దు, తేలిపోతుంది. పచ్చి పేడ అసలే వద్దు, కంపు. పైన అంగుళం మందాన గులకరాళ్లు పరవండి.

కొసలు ఎండేది ఎక్కువగా మన్ను ఒక్కసారి ఆరినా, కుండీ కింది పళ్లెంలో ఉప్పు పేరుకున్నా. బోరు నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఉప్పు అక్కడే మిగులుతుంది. రెండు వారాలకోసారి పళ్లెం పారబోసి, పైనుంచి బకెట్ నీళ్లు దిగేదాకా పోయండి. వాననీళ్లయితే మరీ మంచిది. ఎండిన కాడలు మళ్లీ పచ్చబడవు, మొదలంటా కోసేయండి. వేసవిలో మధ్యాహ్నం నీడ కావాలి.

మిద్దెతోట_వరంగల్:
ఇదే జాతి పెద్ద మొక్క పాపిరస్‌కూ ఇదే పద్ధతేనా? పళ్లెంలో దోమల సంగతి?

తుంగగడ్డ:
పెద్ద పాపిరస్ గొడుగును నమ్ముకోవద్దు, దుబ్బు విడదీయాల్సిందే. పొట్టి రకం, సైపరస్ ప్రోలిఫర్, మాత్రం గొడుగు నుంచి వస్తుంది. దోమలకు పళ్లెం నీళ్లు వారానికోసారైనా మొత్తం పారబోయండి, తొట్టి అయితే గప్పీ చేపలు వదలండి. విడదీయగా మిగిలిన దుబ్బులను చెరువులోనో కాలువలోనో పడేయకండి. అక్కడ పాతుకుంటే పీకడం ఎవరి తరమూ కాదు.