‘వెళ్ళు’ అన్నదా, ‘వెళ్ళండి’ అన్నదా?

బందరు సభ్యురాలు: ఆంగ్ లీ 2007లో తీసిన ‘లస్ట్, కాషన్’ సినిమాలో, నగల దుకాణంలో వజ్రపుటుంగరం వేలికి తొడుక్కున్న నాయిక, తాను చంపించవలసిన మనిషితో లోగొంతుకతో అనే మాటను తెలుగులో ఎక్కడో చదివాను. దాని చివర ‘అండి’ ఉందో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

వరంగల్లు సభ్యుడు: చైనా రచయిత్రి ఐలీన్ చాంగ్ మూలకథలో అది ‘క్వాయ్ జౌ’, అంటే ‘త్వరగా’, ‘వెళ్ళడం’ అనే రెండే అక్షరాలు. చైనా భాషలో ఆజ్ఞార్థకానికి మన్నన ప్రత్యయం లేదు కనుక ఆ బరువంతా అనువాదకుడిదే. ‘వెళ్ళు’ అనే ఉండాలి. అంతవరకు మాక్ గారి భార్యగా నటించిన విద్యార్థిని వేషం ఆ క్షణంలోనే జారిపోయింది.

విశాఖ సభ్యురాలు: ఒప్పుకోలేనండీ. మా అమ్మ నాన్నగారిని ఒక్కనాడూ ఏకవచనంలో పిలవలేదు. వాళ్ళ చనువంతా ఆ ‘అండి’లోనే ఉండేది. సినిమాలో మొదటి కలయిక బలాత్కారంలా సాగినా, ఆ మనిషి తన ఒంట్లోకే కాక పాములా గుండెలోకీ చొరబడుతున్నాడని ఆమె తన పైవాళ్ళకు చెప్పుకోలేదా? అంతగా పెనవేసుకున్నవాణ్ణి ‘వెళ్ళండి’ అంటేనే ఆ మాట నటన దాటి నిజంగా భార్య నోట వచ్చినట్లుంటుంది.

తెనాలి సభ్యుడు: ఇక్కడ పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ గుర్తుకు రాకపోతే ఎలా? వజ్రనాభుణ్ణి చంపడానికి నటుల వేషంలో వజ్రపురం చేరిన ప్రద్యుమ్నుడు అతడి కూతురినే వలచాడు, అయినా వచ్చిన పని ఆగలేదు. ఈ సినిమా కథ జరిగే షాంఘైలో వలపే పనిని చెడగొట్టింది. చైనా భాషలో దాని పేరు ‘సె, జియె’ కూడా శ్లేషే: ‘సె’ అంటే రంగూ, కామమూ, అచ్చంగా మన ‘రాగం’ లాగా, ‘జియె’ అంటే నిగ్రహం, ఉంగరాన్ని చెప్పే మాటలోనూ అదే అక్షరం. ద్వ్యర్థి కావ్యం రాసిన సూరన చేతికి చిక్కవలసిన పేరిది.

వరంగల్లు సభ్యుడు: శ్లేష బాగుంది కానీ, గుమ్మం బయట తుపాకులు కాచుకున్నప్పుడు మూడో అక్షరానికి వ్యవధి ఎక్కడిది?

బందరు సభ్యురాలు: ఇప్పుడు లీలగా మెదులుతోంది, నేను చదివినది ‘పొండి’ కావచ్చు. మా వైపు సరసానికి సిగ్గుపడినా అదే అంటారు, నిజంగా పంపేసేటప్పుడూ అదే అంటారు.

విశాఖ సభ్యురాలు: అలాగైతే ‘అండి’ ఉన్నట్లే కదండీ!

వరంగల్లు సభ్యుడు: నా చెవికి ‘పొండి’ మందలింపులాగే వినిపిస్తుంది. ఆమె గొంతులో ఆ మాటను ఊహించుకోలేకపోతున్నాను.