‘ఎంపతీ’కి తెలుగులో ఏమందాం?

ఫోన్ తెరలు రూపొందించేవాళ్ళ కోసం ఒక డిజైన్ పాఠాన్ని తెలుగు చేస్తున్నాను. ఎంపతీ (ఎదుటివాళ్ళ మనసుని వాళ్ళ వైపు నుంచి తెలుసుకోవడం), ఎంగేజ్‌మెంట్ (వాడేవాళ్ళు యాప్‌లో లీనమై గడపడం) అన్న మాటలు అడుగడుగునా వస్తున్నాయి. మొదటిదానికి ‘సానుభూతి’ అని రాసి కొట్టేశాను. మనకి సానుభూతి అంటే పరామర్శే, సానుభూతి ఓట్లు అంటాం కదా. ‘సహానుభూతి’ అర్థానికి దగ్గరే గానీ ఎవరి నోటా వినం. ఎంగేజ్‌మెంట్‌కి ‘నిమగ్నత’ అని పెట్టాను, మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు: ‘తాదాత్మ్యం’ చూడండి. పాత్ర కష్టాన్ని తనదిగా అనుభవించడానికీ, నాటకం చూస్తూ ఒళ్ళు మరిచిపోవడానికీ ఆ మాటే వాడతాం. మీ రెండు మాటలూ అందులోనే ఉన్నాయి. ఎంపతీ పుట్టిందీ కళలోంచే. జర్మన్ తత్వవేత్త రాబర్ట్ విషర్ 1873లో కళని చూసేవాడి అనుభవానికి ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అన్నాడు. ఆ జర్మన్ మాటని 1909లో మనస్తత్వవేత్త టిచెనర్ ఇంగ్లిషులో ఎంపతీ చేశాడు.

జవాబు: తాదాత్మ్యం వద్దండీ. అది చూసేవాడికి కలిగేది. ఇక్కడ ఎంపతీ ఉండాల్సింది తయారుచేసేవాడికి. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలిజా అనే కబుర్ల ప్రోగ్రాం చాలావరకు మనం టైపు చేసిందాన్నే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు బయటికి వెళ్ళమని ఆయన్నే అడిగింది. ఆవిడ లీనమవడం నిజం. అవతల మనసే లేదు. రెండింటికీ ఒకే మాట పెడితే ఈ తేడా ఎలా చెప్తాం?

జవాబు: నేనైతే ‘మనసెరగడం’ అంటాను. మొన్న మా అమ్మ ఒక బ్యాంకు యాప్ తెరిస్తే ‘మీ సెషన్ గడువు ముగిసింది’ అని వచ్చింది. అమ్మకి గడువంటే డిపాజిట్ గడువే. డబ్బు పోయిందేమోనని టెన్షన్‌తో ఇరవై నిమిషాలు యాప్‌లో అటూ ఇటూ తిరిగి, రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసింది. వాడకం లెక్క చూసేవాళ్ళకి ఆ ఇరవై నిమిషాలూ ఎంగేజ్‌మెంటే! ‘చాలాసేపు ఏమీ నొక్కలేదు కాబట్టి యాప్ మూసేశాం. మీ డబ్బు భద్రం. మళ్ళీ పిన్ కొట్టండి’ అని ఉంటే నిమిషంలో పని ముగించుకుని పడుకునేది. మనసెరిగినవాడు రాస్తే ఆ లెక్క తగ్గేది.

మొదట అడిగింది నేనే: ‘మనసెరిగిన డిజైన్’ వాక్యంలో చక్కగా కుదిరింది, తీసుకుంటున్నాను. ఎంగేజ్‌మెంట్‌ని మాత్రం విడదీయక తప్పదు. మనిషి తనంతట తాను ‘మనసు పెట్టడం’ వేరు, అవతలివాడు ‘కట్టిపడేయడం’ వేరు. ఎంత కిందికి జరిపినా అయిపోని తెరల దగ్గర రెండోదే రాశాను.

జవాబు: సినిమా కట్టిపడేసింది అంటే మనకి మెచ్చుకోలు కదండీ?

మొదట అడిగింది నేనే: అవునండీ, అక్కడే ఆగిపోయాను. ‘కదలనివ్వకపోవడం’ అంటే?