అప్‌డేట్: జోవాలు మళ్ళీ విచ్చుకుంటున్నాయి

విశాఖలో మా ఇంటి రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) జోవాంథిడ్‌లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే పగడంలాంటి జీవులు (ముద్దుగా జోవాలు), వారం రోజులుగా ముడుచుకునే ఉన్నాయని నెలన్నర క్రితం అడిగాను. తప్పు నీళ్ళది కాదు, వాటిని తినే న్యూడిబ్రాంక్‌లది (గుల్ల లేని సముద్రపు నత్తలు). తిన్న జోవా రంగే ఒంటికి పట్టించుకుంటాయి ఈ నత్తజాతి దొంగలు. రాత్రి టార్చి వేస్తే అగ్గిపుల్ల తలంతవి మూడు దొరికాయి.

ట్యాంకు నీళ్ళే వేరే గిన్నెలోకి తీసి, అయోడిన్ డిప్ (పురుగుల్ని రాలగొట్టే ముంచుడు మందు) కలిపి, జోవాలు అంటుకున్న రాయిని ముంచి పిపెట్‌తో ఊదితే ఇంకో నాలుగు రాలాయి. అసలు తలనొప్పి గుడ్లు. డిప్‌కి చావవు. కాడల అడుగున తెల్లటి చుట్టలా అంటుకుని ఉంటే టూత్‌బ్రష్‌తో గీకాను. గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకునే లెండి, జోవాల్లో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉండొచ్చు. వారానికోసారి నాలుగు డిప్‌లయ్యాయి, చివరి రెండింటిలో ఏమీ రాలలేదు.

"ఎదురుగా ఇంత సముద్రం పెట్టుకుని ఈ తిప్పలేంట్రా" అంటోంది అమ్మ. ఆకుపచ్చవి నిన్న పూర్తిగా విచ్చుకున్నాయి, నారింజవి ఇంకా సగమే.