అప్‌డేట్: ‘కురచ నీడ’ చిక్కుముడి విడింది, పెట్టె దొరికింది

నిధి వేటలో చివరి ఆధారం గురించి ఇంతకుముందు అడిగాను: ‘ఎండలో నిలబడ్డవాడు మరీ కురచగా పడుకున్నప్పుడు, అతని తల చూపే దిక్కున 40 గజాలు.’ విగ్రహమని కొందరు, చెట్టని కొందరు అన్నారు. జెండా స్తంభం నీడ అన్న జవాబే సరైనది. అది చెప్పినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అయితే స్తంభం తెలిసినంత మాత్రాన పని కాలేదు. నీడ అతి కురచగా ఉండేది గడియారంలో 12 కొట్టినప్పుడు కాదు, సూర్యుడు ఆ రోజుకు అత్యంత ఎత్తుకు చేరినప్పుడు. ఆ వేళ రేఖాంశానికి డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మారుతుంది. పైగా అప్పుడు నీడ పొడవు మారుతున్నట్టే కనిపించదు, దిశ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. 5 డిగ్రీలు తేడా వస్తే 40 గజాల దూరంలో 3 మీటర్లకు పైగా పక్కకు పోతాం.

అందుకే పాత శంకువు పద్ధతి, అంటే నిలువు కర్ర నీడతో దిక్కు కనుక్కునే పద్ధతి, పట్టుకున్నాను. స్తంభం మొదలు కేంద్రంగా తాడుతో వృత్తం గీసి, ఉదయం నీడ కొస ఆ గీతను తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం మళ్లీ తాకిన చోట ఇంకొకటి గుచ్చాను. స్తంభం నుంచి ఆ రెండింటికీ సరిగ్గా నడుమగా తాడు లాగితే అదే అతి కురచ నీడ చూపే దిక్కు. ఎంత అందమైన ఉపాయం! దిక్సూచి చూపేది అసలు ఉత్తరం కాదు, దానికి కాస్త పక్కగా ఉండగల అయస్కాంత ఉత్తరం కాబట్టి దాన్ని సంచిలోంచి తీయనే లేదు.

తాడు ఒక రాతి బెంచీ దగ్గరికి చేరింది. దాని వెనక కాలు పక్కన, ఎండుటాకుల కింద, మూత తుప్పు పట్టిన రేకు పెట్టె! లోపలి పుస్తకంలో సంతకం చేసి, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి వచ్చాను. ఇంకా వెతుకుతున్నవారు మబ్బులేని రోజు చూసుకుని, ఉదయమే వెళ్లండి.