బాల్డ్విన్ ప్రసంగంలో ‘ఫర్ నథింగ్’: ఊరికేనా, ఉచితంగానా, వెట్టికా?

పదసంచి:
నల్లజాతి అమెరికన్ రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1965 ఫిబ్రవరి 18న ఇంగ్లండులోని విశ్వవిద్యాలయ చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్‌లో చేసిన ప్రసంగాన్ని తెలుగు చేసి, సభలో పైకి చదవాలని ఒక చిన్న బృందం అనుకుంటోంది. చర్చకు పెట్టిన తీర్మానం ‘అమెరికా కల అమెరికన్ నీగ్రోను పణంగా పెట్టి సాధించినదే’ అని. బాల్డ్విన్ దానికి అనుకూలంగా మాట్లాడాడు, ఎదుటి పక్షాన మాట్లాడినది అమెరికా సంప్రదాయవాద రచయిత విలియం బక్లీ. తీర్మానానికి అనుకూలంగా 544 ఓట్లు, వ్యతిరేకంగా 164 వచ్చాయి. ఆ ప్రసంగానికి గుండెకాయ లాంటి వాక్యం దగ్గరే చిక్కు వచ్చింది. ఇప్పటికి ఇలా ఉంది:

‘నేను పత్తి కోశాను, సంతకు మోశాను, ఎవడిదో కొరడా కింద రైలు మార్గాలు వేశాను.’

దీని చివర ఆయన ‘ఫర్ నథింగ్’ అంటాడు. ఒక్క క్షణం ఆగి, మళ్లీ ‘ఫర్ నథింగ్’ అంటాడు. దీనికి ఊరికే, ఉచితంగా, వట్టిపుణ్యానికి, కూలి లేకుండా, వెట్టికి అని ఐదు మాటలు వచ్చాయి. తీర్మానంలోని ‘ఎట్ ది ఎక్స్‌పెన్స్ ఆఫ్’కి ‘పణంగా పెట్టి’ అని వేశారు. ఏది నిలుస్తుంది?

కందపద్యం:
‘ఊరికే’ ముందు తీసేయండి. ‘ఊరికే వచ్చాను’ అంటే పనేమీ లేకుండా వచ్చానని. ‘ఊరికే పత్తి తీశాను’ అంటే పొద్దుపోక తీశానని వినబడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఆయన మాటను రెండుసార్లు అనడంలో ఉంది. తెలుగులో ‘ఊరికే ఊరికే’ అంటే మాటిమాటికీ అని అర్థం. ‘ఊరికే ఊరికే ఫోన్ చేయకు’ అంటాం కదా. రెండోసారి ఆ మాట పడగానే కూలి సంగతి పోయి, ఎన్నిసార్లు చేశాడన్న సంగతి చెవికి చేరుతుంది. కాగితం మీద చూస్తే ఇది తెలియదు. పైకి చదివితేనే తెలుస్తుంది.

‘వట్టిపుణ్యానికి’ అన్నది కారణం లేకపోవడం, ‘వట్టిపుణ్యానికి తిట్టాడు’ అన్నట్టు. ‘ఉచితంగా’లో ఇచ్చేవాడి దయ ఉంటుంది. ఉచిత వైద్యం, ఉచిత ప్రయాణం అని విని విని ఉన్న చెవికి, బానిస తన శ్రమను దానం చేశాడన్నట్టు తోస్తుంది. ఇక మిగిలినవి రెండే.

ఓరుగల్లు:
నా ఓటు ‘వెట్టికి’. కూలి లేకపోవడం ఒక్కటే అయితే ‘కూలి లేకుండా’ చాలు. బాల్డ్విన్ వాక్యంలో కొరడా కూడా ఉంది. బలవంతాన్నీ కూలి లేకపోవడాన్నీ ఒక్క పదంలో పట్టుకున్న మాట మనకు వెట్టి ఒక్కటే. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఏ మాట మీద లేచిందో వినేవాళ్లకు తెలుసు. వివరణ అక్కర్లేదు.

పదం సంగతి అటుంచితే వాక్యంలో ఇంకో రెండు చోట్ల చేయి పెట్టాలి. ‘పత్తి కోశాను’ అని ఎవరూ అనరు. వరి కోస్తాం, మిరపకాయలు కోస్తాం. పత్తిని తీస్తాం, లేదా ఏరతాం. కాయ పగిలి ఎండాక పెంకు మొనలు సూదుల్లా తేలతాయి. ఆకు ముక్క అంటకుండా దూదిని వేళ్లతో లాగాలి, ఆ మొనలు గోళ్ల పక్కన గీసుకుంటాయి. ‘తీశాను’ అంటే గుంటూరులోనైనా ఆదిలాబాదులోనైనా వినేవాళ్లకు ఆ వేళ్లు కనబడతాయి. ‘కోశాను’ అంటే కొడవలి కనబడుతుంది. రెండోది ‘సంతకు’. సంత అంటే వారానికోసారి కూరగాయలు, మేకలు అమ్మే చోటు. పత్తి బేళ్లు పోయేది మార్కెట్‌కు. ఆ మాటే ఉంచండి.

గోదారిగట్టు:
ఓరుగల్లు గారూ, పత్తి విషయంలో మీరన్నదే సరి. వెట్టి దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. వెట్టివాడిని దొర పిలిపించుకుంటాడు, కొట్టిస్తాడు, కూలి ఎగ్గొడతాడు. కానీ సంతలో నిలబెట్టి వేలం వేయడు. అమెరికాలో బానిసను అమ్మారు, తల్లినీ బిడ్డనూ వేర్వేరు కొనుగోలుదారులకు ఇచ్చారు. మన రాజ్యాంగం 23వ అధికరణలోనే మనుషుల క్రయవిక్రయం, బేగార్ (కూలి లేని బలవంతపు చాకిరి) అని రెండింటినీ పక్కపక్కన వేర్వేరుగా పేర్కొన్నారు. వెట్టి అంటే ఆ అమ్మకం మరుగున పడుతుంది. మన బాధను తీసుకెళ్లి వాళ్ల బాధ మీద కప్పినట్టవుతుంది.

ఓరుగల్లు:
న్యాయమైన అభ్యంతరమే. అయితే అమెరికా రాజ్యాంగాన్ని కూడా దీనితో పోల్చి చూడండి. 1865 నాటి 13వ సవరణలోనూ రెండు మాటలే ఉన్నాయి: బానిసత్వం, బలవంతపు చాకిరి. నేరానికి శిక్షగా అయితే తప్ప ఆ రెండూ ఉండరాదన్నారు. ఆ ‘తప్ప’ లోంచే దక్షిణాది రాష్ట్రాలు ఖైదీలను కంపెనీలకు అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. చిన్న చిన్న నేరాలు మోపి నల్లవాళ్లను పట్టుకోవడం, రైలు మార్గాలకూ గనులకూ పంపడం. అంటే దక్షిణాదిలో అమెరికా అంతర్యుద్ధానికి ముందు వేసిన పట్టాల కింద బానిసలున్నారు, తరవాత వేసిన పట్టాల కింద అద్దె ఖైదీలున్నారు. బాల్డ్విన్ వాక్యంలో పత్తి తరవాత రైలు వస్తుంది. ఆ రెండు కాలాలనూ కలిపి మోసే మాట ‘బానిసగా’ కాదు. అమ్మకం సంగతి పోకూడదంటే చదివేముందు పరిచయంలో రెండు వాక్యాలు చెప్పాలి. ఒక్క పదం మీద అంత బరువు వేయలేం.

పదసంచి:
ఇది బృందానికి చెబుతాను. ఇంకొకరి సలహా: మొదటిసారి ‘కూలి లేకుండా’, రెండోసారి ‘వెట్టికి’ అంటే రెండు అర్థాలూ వస్తాయని.

కందపద్యం:
వద్దండీ, దయచేసి అలా చేయకండి. ఒకే మాట రెండుసార్లు వస్తే పునరుక్తి దోషం అని బళ్లో నేర్చుకున్న అలవాటు ఇది. బాల్డ్విన్ పద్నాలుగేళ్ల వయసు నుంచి కొన్నేళ్లు హార్లెంలో చర్చి ప్రసంగాలు చేసినవాడు. మాటను మళ్లీ అనడంలో ఎంత బలముందో ఆయనకు తెలుసు. రెండో ‘ఫర్ నథింగ్’ కొత్త సమాచారం ఇవ్వదు, అదే దెబ్బ అదే చోట పడుతుంది. మాట మార్చితే వివరణ అయిపోతుంది.

పదాల వరుస కూడా చూసుకోవాలి. తెలుగులో మామూలుగా ఆ మాట క్రియకు ముందు వస్తుంది: ‘వెట్టికి రైలు మార్గాలు వేశాను’. అలా పెడితే మళ్లీ అనడానికి చోటుండదు. క్రియ తరవాతకు తేవాలి. మాట్లాడేటప్పుడు ఎలాగూ తెస్తాం, ‘చేశాడుగా చాకిరీ, ఇరవయ్యేళ్లు’ అన్నట్టు. ‘వేశాను’ తరవాత కామా పెట్టకండి, చుక్క పెట్టండి. కామా ఉంటే చదివేవాళ్లు ఒకే ఊపిరిలో లాక్కుపోతారు.

గోదారిగట్టు:
‘నేను’ మీద కూడా ఒక మాట. తెలుగులో క్రియకు ‘ను’ ఉంది కాబట్టి ‘నేను’ వదిలేయొచ్చు, రాతలో వదిలేయడమే అందం. ఇక్కడ వదలకూడదు. బాల్డ్విన్ 1924లో న్యూయార్కు హార్లెంలో పుట్టాడు, ఆ ‘నేను’ పత్తి చేలో పనిచేసిన తాతముత్తాతలది. తాను అతిశయోక్తి చెప్పడం లేదని ముందే చెప్పి మరీ ‘నేను’ అంటాడు. కొందరు అనువాదకులు దీన్ని సరిదిద్దుతున్నామనుకుని ‘మా పూర్వీకులు పత్తి తీశారు’ అని రాస్తారు. అది చరిత్ర పాఠం అవుతుంది, సాక్ష్యం కాదు. మూడు క్రియలకూ మూడు ‘నేను’లు ఉండాలి.

ప్రసంగం చివర ఇంతకంటే కష్టమైన చోటుంది. అమెరికన్ ప్రజలమైన ‘వుయ్’ అంటాడు. ఇంగ్లీషులో ఒకటే మాట, మనకు మేము, మనం రెండున్నాయి. ‘మనం’ అంటే ఎదురుగా కూర్చున్న ఇంగ్లండు విద్యార్థులు కూడా అమెరికన్లైపోతారు. ‘మేము’ అంటే నల్లవాళ్లం మాత్రమే అని వినబడుతుంది, అక్కడే కూర్చున్న బక్లీ బయట పడిపోతాడు. ఆయన చెప్పేది దానికి సరిగ్గా ఎదురు: తన పూర్వీకుల్లో తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లవాళ్లూ ఉన్నారు, ఒకరు లేక ఇంకొకరు లేరు అని. ‘మేం అమెరికన్లం, తెల్లవాళ్లం నల్లవాళ్లం అందరం’ అని విప్పి చెప్పడమే దారి. తరవాత వచ్చే ‘ఒకరికొకరం కావాలి’లో ఆ ‘రం’ మేము, మనం రెండింటికీ సరిపోతుంది కాబట్టి మనకు కలిసొచ్చింది.

పదసంచి:
సభ పేరు ‘జాతి, చరిత్ర: బాల్డ్విన్ మాటలు’ అని పోస్టరు మీద వేశారు. అది బాగానే ఉందా?

కందపద్యం:
పోస్టరు చూసినవాళ్లు స్వాతంత్ర్య దినోత్సవ సభ అనుకుంటారు. జాతిపిత, జాతీయ జెండా, జాతిని ఉద్దేశించి ప్రసంగం, వీటన్నిట్లోనూ జాతి అంటే దేశ ప్రజ. ఒంటరిగా నిలబడ్డ ‘జాతి’ మొదట అటే లాగుతుంది. పక్కన మరో మాట ఉంటేనే ఈ అర్థం వస్తుంది: నల్లజాతి, జాతి వివక్ష, జాత్యహంకారం. దక్షిణాఫ్రికా వార్తల్లో పత్రికలు ‘వర్ణ వివక్ష’ అని రాసేవి, కానీ మన నేలమీద వర్ణం అనగానే నాలుగు వర్ణాలు ముందుకొస్తాయి. ‘జాతి వివక్ష, చరిత్ర’ అని మార్చండి, చాలు.

‘అమెరికా కల’ కూడా చూసుకోండి. తెలుగు చెవికి అది వీసా. ‘అమెరికన్ల కల’ అంటే కొంత మేలు. ఆ వీసా దారిని మనవాళ్లకు వెడల్పు చేసిన వలస చట్టం వచ్చింది కూడా అదే 1965లో, అక్టోబరు 3న. పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిపిన ఊపులోనే అదీ వచ్చింది. పరిచయంలో ఆ ముక్క చెబితే వినేవాళ్లు దగ్గరికి జరిగి కూర్చుంటారు.

ఓరుగల్లు:
‘నీగ్రో’ను ఏం చేస్తున్నారు? 1965లో అది మర్యాద మాటే. ‘బ్లాక్ పవర్’ నినాదం 1966లో మారుమోగాకే ‘బ్లాక్’ ముందుకొచ్చింది. తీర్మానంలో నీగ్రో అనే ఉంచండి, పరిచయంలో మీ సొంత మాటల్లో నల్లజాతివారు అనండి. అంతకంటే నీచమైన తిట్టు మాట వేరే ఉంది, ఆ రెండింటినీ ఒకటి చేయకండి. ‘నల్లోడు’ ఎక్కడా వద్దు.

గోదారిగట్టు:
‘పణంగా పెట్టి’ని ఎవరూ ముట్టుకోలేదు. నాకు అది ఫరవాలేదు. ‘ప్రాణాలు పణంగా పెట్టి’ అన్నప్పుడు త్యాగం వినబడుతుంది, నిజమే. కానీ ‘నీగ్రోను పణంగా పెట్టి’ అన్నప్పుడు ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డిన జూదం గుర్తొస్తుంది. తనది కాని మనిషిని సొత్తులా ఒడ్డడం. అదే కావాలి. ‘నీగ్రో ఖర్చుతో’ అని మాత్రం రాయొద్దు, హోటల్ బిల్లులా ఉంటుంది. పరిచయం చేసేవాళ్లు వాడుక మాట కావాలంటే ‘సొమ్మొకడిది, సోకొకడిది’ అనవచ్చు.

పదసంచి:
అందరికీ ధన్యవాదాలు. మార్చిన పాఠం ఇది, శనివారం చదివి చూస్తారు:

‘నేను పత్తి తీశాను. నేను దాన్ని మార్కెట్‌కు మోశాను. ఎవడిదో కొరడా కింద నేను రైలు మార్గాలు వేశాను. వెట్టికి. వెట్టికి.’

కందపద్యం:
‘ట్టి’ని నొక్కమనండి. రెండోసారి గొంతు పెంచొద్దని కూడా చెప్పండి.