బరువు మెల్లగా తగ్గుతున్నప్పుడు తూకాన్నీ షుగర్‌నూ కలిపి ఎలా చూసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. నా వయసు 44. రెండేళ్ల క్రితం టైప్ 2 మధుమేహం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. షుగర్ తగ్గించే మాత్రల్లో మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, గ్లిమెపిరైడ్ ఉదయం ఆహారానికి ముందు వేసుకుంటున్నాను. ఈ ఏడాది మొదట్లో నా బరువు 82 కిలోలు. తొందరపడకుండా కనీసం 6 కిలోలు తగ్గితే షుగర్ అదుపులోకి రావడం తేలికవుతుందని డాక్టరుగారు చెప్పారు. తిండి తగ్గించి, నడక మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లోనే 2 కిలోలకు పైగా తగ్గడంతో చాలా ఉత్సాహం వచ్చింది. ఆ తర్వాత వేగం పడిపోయింది. ఇప్పుడు 78 దగ్గర ఊగిసలాడుతోంది. ఒక ఉదయం 77.6 చూపిస్తే మర్నాడు 78.9 చూపిస్తుంది. ముందురోజు అంత జాగ్రత్తగా తిన్నా ఇలా పెరగడం చూసి ఆ రోజంతా మనసు బాగుండదు. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మాత్రం అంకె 8.1 శాతం నుంచి 7.2 శాతానికి వచ్చింది.

ఇంట్లో బడికి వెళ్లే పిల్లలిద్దరు, పెద్దవారైన మామగారు ఉన్నారు. నేను ఉద్యోగం చేస్తాను. అందరి వేళలూ చూసుకున్నాక మిగిలినదే నా వేళ కాబట్టి మధ్యాహ్న భోజనం తరచుగా ఆలస్యమవుతుంది. సాయంత్రం అయ్యేసరికి చేతులు వణికేంత ఆకలి వేసి, చెమట పట్టి, ఎదురుగా ఏది కనిపిస్తే అది తినేస్తాను. రోజంతా పాటించిన నియమం అక్కడితో పోతోంది. ఇంకొక విషయం కూడా నన్ను కలవరపెడుతోంది. నేను రోజూ బరువు చూసుకోవడం గమనించి, పదకొండేళ్ల మా అమ్మాయి కూడా ఈ మధ్య మిషన్ ఎక్కి తన అంకె చూసుకుని ముఖం చిన్నబుచ్చుకుంటోంది.

బరువు ఎన్నాళ్లకొకసారి చూసుకోవాలి, బరువు ఆగిపోతే నా ప్రయత్నం ఆగిపోయినట్టేనా, ఈ రెండు లెక్కలనూ ఇంటిల్లిపాదినీ చూసుకుంటూ ఎలా నడిపించాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

అమ్మా, మీలాగే నేనూ మధుమేహంతో చాలా ఏళ్లుగా కాలం గడుపుతున్నవాడిని. ముందుగా మీ అంకెలను ఒకసారి మరోలా చూడండి. 82 నుంచి 78కి రావడమంటే మీ మొదటి బరువులో దాదాపు 5 శాతం తగ్గడం. టైప్ 2 మధుమేహం ఉన్న అధిక బరువు వారిలో షుగర్, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడటం ఈ 5 శాతం దగ్గరే స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది. మీ హెచ్‌బీఏ1సీ కూడా అదే చెబుతోంది కదా.

మొదటి రెండు వారాల వేగాన్ని కొలబద్దగా పెట్టుకోవద్దని నా మనవి. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో కొంత చక్కెర నిల్వ ఉంటుంది. ఆ నిల్వలో ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు కలిసి ఉంటుంది. తిండి తగ్గించిన కొత్తలో ఆ నిల్వ కరుగుతుంది, దానితో నీరూ పోతుంది. మిషన్ మీద కనిపించే ఆ తగ్గుదలలో కొవ్వు వాటా చాలా తక్కువ. అసలైన కొవ్వు తగ్గుదల ఎంత నెమ్మదిగా ఉంటుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయని అంచనా. రోజుకు 250 కేలరీలు తగ్గించుకుంటే నెలకు కాస్త అటూ ఇటూగా ఒక కిలో. అంటే రోజుకు 33 గ్రాములు. ఒక గ్లాసు నీళ్లు తాగితేనే మిషన్ 200 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. ఉప్పు ఎక్కువైన భోజనం, మలబద్ధకం, నెలసరి ముందు ఒంట్లో చేరే నీరు, కొత్తగా చేసిన వ్యాయామం వల్ల కండరాల్లో వచ్చే కొద్దిపాటి వాపు, ఇవన్నీ కలిసి బరువును ఒక కిలో, ఒక్కోసారి రెండు కిలోలు కూడా అటూ ఇటూ చేయగలవు. అంత పెద్ద అల కింద 33 గ్రాములు ఏ ఉదయమూ కనిపించవు. 77.6 చూసి సంతోషించడానికీ 78.9 చూసి బాధపడటానికీ ఆధారం లేదు.

అందుకే నేను పాటించే పద్ధతి చెబుతాను. ఉదయం లేచి మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకమైన పలచని బట్టలతో చూసుకుని నోటు పుస్తకంలో రాసి మూసేస్తాను. వారం చివర ఏడు అంకెల సగటు తీసి, దాన్ని గడిచిన వారం సగటుతోనూ నాలుగు వారాల కిందటి సగటుతోనూ పోల్చుతాను. ఆ నాలుగు వారాల తేడాయే నాకు ముఖ్యం. రోజూ అంకె చూడటం మనసుకు కష్టమనిపించే వారు వారానికి ఒకసారి, అదే రోజున, అదే వేళకు చూసుకున్నా సరిపోతుంది. కాకపోతే ఒక్క కొలతను నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు. నడుము చుట్టుకొలత నెలకొకసారి తీసుకోండి. పొట్టలోపల పేరుకునే కొవ్వుకూ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికీ దగ్గరి సంబంధం ఉంది కాబట్టి, బరువు కదలని నెలలో కూడా నడుము తగ్గితే మీ శ్రమ ఫలించినట్టే. ఎత్తులో సగానికన్నా నడుము తక్కువగా ఉండాలన్నది గుర్తుంచుకోవడానికి సులువైన హద్దు.

రెండో సమాధానం

నేను మధుమేహ విభాగంలో నర్సుగా పనిచేస్తాను. పై సమాధానంతో నేను ఏకీభవిస్తాను. అయితే మీ ప్రశ్నలో నన్ను ఆపిన వాక్యం బరువు గురించినది కాదు. చేతులు వణకడం, చెమట పట్టడం, ఆగలేనంత ఆకలి, అదీ భోజనం ఆలస్యమైన రోజున, గ్లిమెపిరైడ్ వేసుకునేవారిలో! దయచేసి దీన్ని నిగ్రహలోపంగా లెక్కించకండి. అది షుగర్ పడిపోవడం కావచ్చు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ పనితీరు వేరు. మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. భోజనం ఆలస్యమైతే ఆ ఇన్సులిన్‌కు పని కల్పించే ఆహారం ఒంట్లో ఉండదు. పైగా మీరు 4 కిలోలు తగ్గారు, నడుస్తున్నారు. మీ శరీరం ఇన్సులిన్‌కు మునుపటికన్నా బాగా స్పందిస్తూ ఉండాలి. 82 కిలోల బరువున్నప్పుడు, హెచ్‌బీఏ1సీ 8.1 ఉన్నప్పుడు నిర్ణయించిన మోతాదు ఇప్పటి మీ శరీరానికి ఎక్కువ కావచ్చు. షుగర్ పడినప్పుడల్లా మెదడు తిండి కోసం గట్టిగా ఒత్తిడి చేస్తుంది, మీరు తింటారు, ఆ అదనపు కేలరీలు రోజంతా తగ్గించుకున్న వాటిని భర్తీ చేస్తాయి. బరువు ఆగిపోవడానికి ఇదే కారణమయ్యే అవకాశం నాకు బలంగా కనిపిస్తోంది.

కాబట్టి ఈసారి వణుకు రాగానే, వీలైతే తినకముందే, గ్లూకోమీటర్‌తో చూడండి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే అంతే మళ్లీ తీసుకోండి. కొవ్వు కలిసిన తీపి పదార్థాలు ఆ క్షణంలో పనికిరావు, ఎందుకంటే కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మీటర్ అందుబాటులో లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా ముందు గ్లూకోజ్ తీసుకోండి. ఆ స్థితిలో వాహనం నడపవద్దు. 54 కన్నా తక్కువ కనిపించినా, మాట తడబడినా అది తీవ్రమైన విషయమే, ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. మాత్రను మీ అంతట మీరు మానకండి, అలాగని తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. అంకెలు రాసుకుని డాక్టరుగారికి ఈ వారమే తెలియజేయండి. ఒకవేళ మీటర్ 90 లేదా 100 చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. చాలాకాలం ఎక్కువ షుగర్‌కు అలవాటుపడిన శరీరం మామూలు స్థాయిని కూడా తక్కువగా భావించి అవే లక్షణాలు చూపడం ఉంటుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

బరువునూ షుగర్‌నూ ఒకే పేజీలో పక్కపక్కన రాయమని నేను నా దగ్గరికి వచ్చేవారికి ఎప్పుడూ చెబుతాను. బరువు తగ్గుతూ షుగర్ కూడా తగ్గుతుంటే దారి సరైనదే. బరువు నిలిచిపోయినా షుగర్ తగ్గుతుంటే ఓపిక పట్టవచ్చు. బరువు వేగంగా తగ్గుతూ షుగర్ మాత్రం ఎక్కువగానే ఉంటే అది సంతోషించవలసిన విషయం కాదు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలో వదిలేస్తాయి. దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసంతో పాటు కండరాలు కూడా కరుగుతాయి. అలాంటి తగ్గుదలను చూసి అందరూ మెచ్చుకుంటుంటే లోపల ఇన్సులిన్ లోటు పెరుగుతూ ఉండవచ్చు. ఇలా జరిగితే ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి.

హెచ్‌బీఏ1సీ గురించి ఒక మాట. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది. అది పగటిపూట ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు పడిపోయింది అన్నది చెప్పదు. ఐరన్ లోపం ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించవచ్చు; మీ వయసు స్త్రీలలో రక్తహీనత సాధారణం కనుక హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

మూడో సమాధానం

నా భార్యకు మధుమేహం. కాబట్టి ఇంటి సంగతి ఇంట్లోవాడి వైపు నుంచి చెబుతాను. మీ భోజనం ఆలస్యం కావడం అందరి వేళలూ అయ్యాక మిగిలిన వేళ మీదని అనుకోవడం వల్లే జరుగుతోంది. ఈ మాత్రలు వేసుకునేవారికి భోజనవేళ కూడా వైద్యంలో భాగమేనని మా ఇంట్లో అందరం ముందు ఒప్పుకున్నాం. మామగారి మందులకు వేళ ఉన్నట్టే మీ భోజనానికీ ఒక వేళ ఉండాలని మీవారితో, మామగారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఆఫీసులో పని ఆగకపోతే కనీసం ఆ వేళకు కొద్దిగా తినగలిగే ఏర్పాటు ముందే చేసుకోండి. మీ కోసం వేరే వంట, మిగతావారికి వేరే వంట అన్న పద్ధతి ఎక్కువకాలం నడవదు, అది మీమీద భారం కూడా. వండినదే అందరూ తిని, మీ పళ్లెంలో పిండిపదార్థం వాటా తగ్గించి కూరగాయలు, మాంసకృత్తులు పెంచుకుంటే చాలు. వాటిని ముందు తిని పిండిపదార్థాన్ని చివర తింటే భోజనం తర్వాత షుగర్ పెరుగుదల తక్కువగా ఉంటుందని మేము మీటర్‌తో చూసి తెలుసుకున్నాం. రాత్రి భోజనం అయ్యాక పావుగంట అందరం కలిసి నడుస్తాం. కదిలే కండరాలు ఇన్సులిన్ అవసరం లేకుండానే కొంత చక్కెరను తీసుకుంటాయి, పిల్లలతో మాట్లాడటానికీ అంతకన్నా మంచి సమయం దొరకదు.

మీ అమ్మాయి విషయం మాత్రం నన్ను నిజంగా ఆలోచింపజేసింది. ఎదిగే వయసులో బరువు పెరగడమే ఆరోగ్యం. మిషన్‌ను పిల్లలకు కనిపించని చోట పెట్టి, తలుపు వేసుకుని చూసుకోండి. ఆ అంకె బాగుందనీ బాగాలేదనీ వాళ్ల ఎదుట అనకండి. మీరు ఎందుకు చూసుకుంటున్నారో దాచనవసరం లేదు. ఒంట్లో చక్కెరను అదుపులో ఉంచుకోవడానికి డాక్టరుగారు చూసుకోమన్నారనీ, తన ఒళ్లు ఇంకా పెరగవలసిన ఒళ్లనీ పాపకు నేరుగా చెప్పండి. తను తినడం తగ్గిస్తున్నట్టు అనిపిస్తే పిల్లల వైద్యులతో మాట్లాడటానికి సంకోచించకండి.

ప్రశ్న అడిగినవారి ప్రతిస్పందన

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. వణుకు వచ్చినప్పుడు మీటర్‌తో చూస్తే 61 ఉంది, మరొక రోజు 66. డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే గ్లిమెపిరైడ్ మోతాదు సగానికి తగ్గించారు. అప్పటి నుంచి సాయంత్రం ఆ తిండి అవసరం రావడం లేదు, వారం సగటు కూడా మళ్లీ కొద్దిగా కిందికి వస్తోంది. అయితే పరగడుపు షుగర్ ఇంతకుముందు 120 ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు 135, 140 కనిపిస్తోంది. రాత్రి ఏమీ తినకుండానే ఎందుకు పెరుగుతోంది? మోతాదు తగ్గించడం వల్ల వెనక్కి వెళ్తున్నానేమోనన్న భయం పట్టుకుంది.

రెండో సమాధానం ఇచ్చినవారు

మీరు ఫోన్ చేసినందుకు చాలా సంతోషం. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటి హార్మోన్లు పెరిగి, కాలేయం తన నిల్వలోంచి చక్కెరను రక్తంలోకి వదులుతుంది. మధుమేహం లేనివారిలో ఇన్సులిన్ దాన్ని సరిచేస్తుంది, మధుమేహం ఉన్నవారిలో అది పూర్తిగా జరగదు. రాత్రి తినకపోయినా ఉదయం పెరగడానికి ఇది సాధారణ కారణం. మోతాదు తగ్గాక ఉదయపు అంకె కొంత పెరగడం ఊహించదగినదే. గర్భిణులు కాని చాలామంది పెద్దలకు పరగడుపు లక్ష్యం 80 నుంచి 130 వరకు ఉంటుంది కాబట్టి మీరు హద్దుకు దగ్గర్లోనే ఉన్నారు. పైగా ఇంట్లో వాడే మీటర్లలో 100 పైన 15 శాతం వరకు తేడా రావచ్చు, 128కీ 138కీ మధ్య తేడాను మీటర్ ఖాయంగా చెప్పలేదు. మీ డాక్టరుగారు వేరే గడువు చెప్పకపోతే రెండు వారాల పరగడుపు అంకెల సగటునూ, వారానికి రెండు మూడుసార్లు భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసిన అంకెలనూ రాసి వారికి చూపించండి. సగటు 130 పైనే నిలిచిపోతే, షుగర్‌ను పడగొట్టని, బరువు పెంచని మందులు కూడా ఉన్నాయి, వాటి గురించి అడగండి. నిద్ర తక్కువైన రాత్రుల పక్కన ఒక గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నిద్ర చాలకపోతే మర్నాడు ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది. హెచ్‌బీఏ1సీ తగ్గుతున్న ఈ దశలోనే కంటి రెటీనా పరీక్ష కూడా చేయించుకోండి; రెటీనాలో అప్పటికే సమస్య ఉన్నవారిలో షుగర్ త్వరగా తగ్గినప్పుడు అది కొంతకాలం ఎక్కువయ్యే అవకాశం ఉంది.