అప్‌డేట్: టైప్ ఆర్, గోల్ఫ్ ఆర్ కార్లు రెండూ ట్రాక్ మీద నడిపాను

హోండా సివిక్ టైప్ ఆర్‌కి 329 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత), ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్‌కి (2024 మార్పులకు ముందు మోడల్) 320. అయినా 0 నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి మొదటిదానికి 5.4 సెకన్లు, రెండోదానికి 4.7 ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. తేడా ఎక్కువగా బయల్దేరే దగ్గరే ఉంది. టైప్ ఆర్‌లో ఇంజిన్ శక్తంతా ముందు చక్రాలకే వెళ్తుంది, ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. బరువు వెనక్కి వాలేసరికి ముందు టైర్లకు పట్టు తగ్గుతుంది మరి. స్టీరింగ్ మాత్రం పక్కకి పెద్దగా లాగలేదు, అది మెచ్చుకోవాల్సిందే. గోల్ఫ్‌లో శక్తి నాలుగు చక్రాలకూ వెళ్తుంది కాబట్టి అన్నీ నేలను పట్టుకుంటాయి, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) గేర్లు రెప్పపాటులో మారతాయి. టైప్ ఆర్‌లో ప్రతి గేరుకూ క్లచ్ తొక్కాలి. కానీ వేగం అందుకున్నాక, బరువు తక్కువ కాబట్టి, దాని దూకుడే వేరు! జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నేను టైప్ ఆర్ వైపే మొగ్గుతున్నాను, ఆ గేర్ లివర్ కోసమే.